పరాభవ నామ సంవత్సర దేశఫలాలు

కెనడాలోని బ్రాంప్టన్‌లో గిడ్డంగుల వరుస; చివరి యూనిట్‌లో ఒక తెలుగు ఛానల్ స్టూడియో. ఉగాది వెళ్ళిన శనివారం, ప్రత్యక్ష ప్రసారానికి కొద్దిగా ముందు. మేకప్ అద్దం ఎదుట, వారం వారం దేశాల మీద వ్యంగ్య కార్యక్రమం చేసే వ్యాఖ్యాత హైమావతి. వెనుక నిలబడినవాడు ఛానల్ యజమాని కిరీటి, ఒకప్పుడు తెనాలిలో ఆమె దగ్గర చదువుకున్నవాడు.

"ఒక్క పేజీ తీసేద్దాం మేడమ్. ఒక్కటే. మిగతా పదకొండు దేశాలూ మీ ఇష్టం, నేను వేలు పెట్టను."

"పదకొండు రాశుల పంచాంగం ఏ సిద్ధాంతి చదివాడో చెప్పు కిరీటీ. నేనూ చదువుతాను."

"సింహరాశి ఉంచుదామండీ. దేశం మారుద్దాం. నేపాల్ పెడదాం. పోనీ భూటాన్ పెడదాం."

"భూటాన్ ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు. అందుకే."

"నీకు మింగుడుపడని వాక్యమేదో చదువు. పైకి చదువు."

"ఎందుకండీ, రాసింది మీరేగా."

"చదువు. తెనాలిలోనూ నీది ఇదే పద్ధతి. పాఠం తెరవకుండా అభిప్రాయం చెప్పేవాడివి."

"సరే. ‘సింహరాశి, భారతదేశం. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం ఏడు, అవమానం ఏడు. ఈ జాతకుడు ఒక కాలు చౌక చమురు పడవలోను, ఒక కాలు ఖరీదైన స్నేహపు పడవలోను ఉంచి, గట్టున ఉన్నవారికి ఈత నేర్పును...’"

"ఆగావేం?"

"‘ప్రవాస సంతతికి ఫలం: ఓటు లేని చోట దేశభక్తి మెండు. ఓటు ఉన్న చోట, ఆ రోజు షాపింగ్.’"

"నవ్వావు."

"నవ్వలేదండీ."

"అద్దంలో కనబడింది."

"నవ్వు రాకుండా ఎలా ఉంటుంది, మీరు రాస్తే! నవ్వొచ్చిందనే నా భయం. నాకొచ్చిందంటే అందరికీ వస్తుంది. అందరికీ వచ్చిందంటే ఎవడో ఒకడు క్లిప్ కట్ చేసి పంపిస్తాడు."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి. అసలు టైటిలే నాకు నచ్చలేదు. పండగ పూట పరాభవం ఏంటండీ? ‘ఉగాది సరదాలు’ అని పెడితే హాయిగా ఉంటుందిగా."

"సంవత్సరం పేరు నేను పెట్టలేదు. అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. ఈసారి మరీ సమయానికి వచ్చింది. దేశదేశాలకూ పంచిపెట్టినా ఇంకా మిగిలేంత పరాభవం ఉంది."

"అదే చెప్పేది. మిగతా వాళ్ళకి పంచండి. అమెరికాకి పంచారుగా, నేనేమన్నా అన్నానా? ‘రాజు సుంకం, మంత్రి సెల్‌ఫోను. ఈ జాతకుడు శత్రువులను వెతుక్కోనక్కరలేదు. స్నేహితులతోనే తయారు చేసుకొనును.’ ప్రోమోలో అదే వేశాను. సూపర్ హిట్."

"అప్పుడు భయం వేయలేదా?"

"అమెరికాని అందరూ అంటారండీ. అది సేఫ్."

"పోయిన నెల ఇండియా సరిహద్దు అవతలి పొరుగు దేశాన్ని అన్నప్పుడు?"

"అబ్బో, దానికొచ్చిన షేర్లు! ఇటు ఏజాక్స్ నుంచి అటు బర్నబీ దాకా, ఈ దేశం ఒక కొస నుంచి ఇంకో కొసకి. జనార్ధనరావు గారైతే ఆయన బాంక్వెట్ హాల్లో పెద్ద స్క్రీన్ మీద వేయించారు. ఈలలు వేశారు మేడమ్!"

"వేస్తారు. ఆ ఈలలు విని నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పక్కింట్లో గిన్నెలు ఎగురుతుంటే కిటికీ తెరిచి పకపకలాడిన వాళ్ళకు నేను తోడు కూర్చున్నట్టయింది. ఈ పేజీ ఆ రోజే రాశాను. ఇది తీసేస్తే మిగతా పదకొండూ కిటికీ కబుర్లే."

"చూడండీ, నా చేతుల్లో లేదు. పైనుంచి మాట వచ్చింది."

"ఏ పైనుంచి?"

"పైనుంచి. అంతే."

"ఈ యూనిట్ పైన రేకుల కప్పు ఉంది. దాని పైన మంచు ఉంది. మాట ఎవరిది?"

"మీకు చెప్పకూడదు కానీ... వీరరాఘవులు గారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ అంతటి మనిషి స్వయంగా ఫోన్ చేశారు. ‘పెద్దవాళ్ళకి నచ్చలేదట, కాస్త చూసుకోవోయ్’ అన్నారు. ఆయన ఊరికే అనరు."

"అనరు. అందుకే నిన్న సాయంకాలం నేనే ఆయనకు ఫోన్ చేశాను."

"మీరా?"

"నిన్న నువ్వు ఫోనులో నీళ్ళు నములుతున్నప్పుడే, నిన్ను ఇంతగా భయపెట్టగలిగేది ఆయనేనని అనుమానం వచ్చింది. ఆ పెద్దవాళ్ళెవరని అడిగాను. జనార్ధనరావు గారన్నారు. ఆయనకు చేశాను. తానేమీ అనలేదని, పాటల క్లాసులో శకుంతల గారు తన భార్యతో అన్నారని చెప్పారు. శకుంతల గారికి చేశాను."

"ఇదేం పరిశోధన మేడమ్! పండగ మర్నాడు, అందరికీ ఫోన్లు చేసి..."

"శకుంతల గారు ఒక పేరు చెప్పారు. నీకు తెలిసిన పేరే."

"ఎవరండీ?"

"పద్మ."

"ఏ పద్మ?"

"నువ్వు తాళి కట్టిన పద్మ."

"మా పద్మకేం తెలుసండీ! దానికి అసలు ఈ ప్రోగ్రాం టైమే..."

"పద్మకు ఎవరు చెప్పారు కిరీటీ?"

"అదీ... స్క్రిప్ట్ పండగ రోజు వచ్చింది కదండీ. అన్నం తింటూ చదివాను. చదివి ఊరికే అన్నాను."

"ఏమన్నావు?"

"‘ఇది ఎవరికన్నా నచ్చకపోతే ఏమవుతుందో’ అన్నాను. అంతే. ఎవరికన్నా అన్నాను గానీ, ఎవరికీ నచ్చలేదని అనలేదు."

"గురువారం నీ భయం చెప్పుల్లేకుండా నీ ఇంట్లోంచి బయలుదేరింది. శుక్రవారానికి కోటు తొడుక్కుని, పదవి సంపాదించి, నీకే ఫోన్ చేసింది."

"అంటే... ఎవరూ ఏమీ అనలేదంటారా?"

"ఏ కార్యాలయమూ అనలేదు. ఏ అధికారీ అనలేదు. నా పేజీని నిషేధించిన ప్రభుత్వం నీ భోజనాల బల్ల."

"అనలేదు సరే. అనరని గ్యారంటీ ఏంటి? జూలైలో విజయవాడలో మా అనన్య రంగప్రవేశం. హాల్ బుక్ చేశాం, ఆర్కెస్ట్రా మాట్లాడాం. పిల్ల ఏడేళ్ళ నుంచి నేర్చుకుంటోంది కూచిపూడి. ఎయిర్‌పోర్టులో దిగగానే ‘ఆ ఛానల్ నీదేనా, ఇలా పక్కకి రా’ అంటే?"

"అలా ఎవరినైనా ఆపారా?"

"ఆపారంట."

"ఎవరిని?"

"ఎవరినో. వాట్సాప్‌లో వచ్చింది."

"పేరు?"

"పేరుంటే వాట్సాప్‌లో ఎందుకొస్తుందండీ, పేపర్లో వస్తుంది గానీ."

"ఆ మాట నువ్వే అన్నావు."

"మీరు అనిపిస్తారు! మీ ముందు నిలబడితే నా నోటితో నాకే ఉరి. ఇదిగో, సూటిగా చెప్పేస్తున్నా. స్పాన్సర్లు బెదిరిపోతే నేను ప్రోగ్రాం నడపలేను. ఈ పేజీ చదివితే ఇదే ఆఖరి ఎపిసోడ్ అవుతుంది. రెండేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నారు. పంతానికి పోగొట్టుకోకండి."

"తోక కోసి నడపడం కంటే ఆపెయ్. ఆపినదాన్ని జనం కనీసం ఎందుకు ఆపారని అడుగుతారు."

"ప్రాంప్టర్‌లోంచి ఆ పేజీ తీసేశాను. పొద్దున్నే తీసేశాను."

"తెలుసు."

"తెలుసా?"

"రిహార్సల్‌లో కర్కాటకం అయ్యాక కన్య వచ్చింది. నువ్వే చెబుతావేమోనని చూశాను. కాఫీ తెచ్చి ఇచ్చావు గాని చెప్పలేదు."

"మరి ఎలా చదువుతారు?"

"రాజ్యాంగం పాఠం మీకు ఏ ప్రాంప్టర్ చూసి చెప్పాను?"

"అయితే నేను లైవ్ కట్ చేస్తా. బటన్ నా దగ్గరే ఉంది."

"నొక్కు. ఇంతవరకూ నన్ను ఆపినవాడు ఎవడూ లేడు. నువ్వు నొక్కితే ఒకడు ఉంటాడు. ఆ పైన ఉన్నదెవరో ఊరందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. జనార్ధనరావు గారి పెద్ద స్క్రీన్ మీద."

"మీరెప్పుడూ ఇంతేనండీ. ఎదుటివాడిని బోనులో నిలబెట్టి, మీరు కుర్చీలో కూర్చుంటారు. సరే. నేనూ ఒకటి అడుగుతా. స్టూడెంట్‌గా అడుగుతా, చెప్పాలి."

"అడుగు."

"పన్నెండు రాశులూ చదివాను. యుద్ధం చేసేవాడున్నాడు. ఆపించానని బహుమతి అడిగేవాడున్నాడు. రెండు పక్షాలకీ తూటాలు అమ్మేవాడున్నాడు. అందరూ ఉన్నారు. మనం ఉన్న దేశం ఏదండీ?"

"ఏ దేశం?"

"ఏ దేశమేంటి మేడమ్! కెనడా."

"రాశులు పన్నెండే."

"మీనం ఐక్యరాజ్యసమితికి ఇచ్చారు. ‘ఈ జాతకుడు ఖండించును, తీవ్రముగా ఖండించును, మరల సమావేశమై ఖండించును.’ బాగానే ఉంది. కానీ అది దేశం కాదుగా?"

"అది... అందరికీ వర్తించేదని ఇచ్చాను."

"రెండేళ్ళు, వారం వారం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్క ఎపిసోడ్‌లో కూడా కెనడా లేదు. ఒక్క జోకు లేదు. నేను ఇప్పుడే గమనిస్తున్నా."

"వ్యంగ్యానికి సంక్షోభం ఉండాలి."

"ఇక్కడ లేదా? పొరుగున అమెరికా ఆయన సుంకం వేయగానే, తగ్గేది లేదంటూ ‘మోచేతులు పైకెత్తండి’ అని ఊరంతా జెండాలు కట్టారు. చేతులు ఎప్పుడు దించారో ఎవరన్నా చెప్పారా? అదలా ఉంచండి. మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి చదువుకి వచ్చిన పిల్లలు ఆరుగురు అద్దెకున్నారు. రండి రండి అని పిలిచి, ఫీజులు కట్టించుకుని, ఇప్పుడు ఇళ్ళు దొరక్కపోవడానికి మీరే కారణం అంటున్నారంట వాళ్ళని. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్‌కి పాయింట్లు చాలట్లేదు. రాత్రిళ్ళు పైకి మాకు వాళ్ళ మాటలు వినపడతాయి. ఇంతకంటే ఇంటర్నేషనల్ క్రైసిస్ ఏముంటుందండీ? పిల్లలు ఇంటర్నేషనల్, క్రైసిస్ ఇక్కడిది."

"ఆరుగురినీ ఒకే గదిలో ఉంచావా?"

"రెండు గదులండీ. మాట మార్చకండి."

"స్నానాల గది?"

"ఒకటి. మేడమ్, మాట మార్చకండి!"

"మార్చడం లేదు. నీ బేస్‌మెంటు నీ వాదంలో భాగం."

"దాని సంగతి తర్వాత తిట్టండి, పడతాను. ముందు చెప్పండి. కెనడా జోలికి వెళ్ళొద్దని మీకెవరన్నా చెప్పారా?"

"లేదు."

"ఎవరూ?"

"ఎవరూ చెప్పలేదు."

"మీ అమ్మాయి భవిత ఏమన్నా అందా?"

"దానికి నా కార్యక్రమం చూసే తీరిక లేదు. ఎవరూ చెప్పలేదన్నాను కదా."

"మరి?"

"మర్యాద అనుకో. అన్నం పెట్టిన ఇల్లు."

"ఇండియా పెట్టలేదా అన్నం?"

"ఈ పౌడరు ఎక్కువైంది. ఆ అమ్మాయిని పిలిచి తుడవమను."

"మీరు మాట మారుస్తారని నేను కల్లో కూడా అనుకోలేదండీ."

"సమయమెంత?"

"ఉంది లెండి. ఎందుకు మేడమ్? నిజంగా అడుగుతున్నా."

"వచ్చే గురువారం అడుగు. చెబుతాను."

"ఈలోపల ఏముంది?"

"గురువారం అన్నాను."

"సరే. అడగను. మీకో కారణం ఉంది, నాకో కారణం ఉంది. మీ కెనడాని మీరు వదిలేసుకున్నారు. నా సింహరాశిని నేను వదిలేసుకుంటాను. ఇద్దరం సమానం. ఒకరినొకరు ఏమీ అనుకోకుండా, పండగ పూట హాయిగా పదకొండు చదివి ఇళ్ళకి పోదాం."

"ఏమన్నావు?"

"ఇళ్ళకి పోదామన్నా."

"దానికి ముందు."

"ఇద్దరం సమానం అన్నాను. తప్పా అండీ?"

"తప్పయితే బాగుండేది. దిద్దేదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్ళు పైవాళ్ళు నన్ను చాలా మాటలు అన్నారు కిరీటీ. తలపొగరన్నారు. నోరు మంచిది కాదన్నారు. ఇంత మాట ఎవరూ అనలేదు."

"అయ్యో, నేనేదో సర్దుబాటుకి అన్నానండీ. మనసులో పెట్టుకోకండి."

"మీనరాశి తీసెయ్."

"ఐక్యరాజ్యసమితినా?"

"ఉన్నా లేకపోయినా ఫలం ఒకటే. ఎవరూ గమనించరు."

"ఆ ప్లేసులో ఏం పెట్టమంటారు?"

"ఖాళీ తెర ఉంచు. చూసి చదవాల్సిన పని లేదు."

"ఇప్పటికిప్పుడు రాస్తారా?"

"రాసే ఉంది. రెండేళ్ళుగా బయటికి రానివ్వకుండా కాపలా కాస్తున్నాను. జైలరు పని నాకు కొత్త. అయినా ఆశ్చర్యంగా బాగానే చేశాను."

"వద్దు మేడమ్. మీకేదో ఉంది. పొద్దున్నుంచి ఆ పవిట కొంగు మెలి తిప్పుతూనే ఉన్నారు, మీరలా చెయ్యరు. కెనడా వద్దు. ఇండియా చదివితే చదవండి, కెనడా మాత్రం వద్దు. నేనే వద్దంటున్నా."

"చూశావా? ఇప్పుడు నా తరఫున కూడా నువ్వే భయపడుతున్నావు. ఇలాగైతే పాపం అధికారులకు పనేం మిగులుతుంది?"

"వేళాకోళం కాదండీ!"

"వేళాకోళమే. మనం చేసే పని అదే. పద, కుర్చీ జరుపు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?"

"మీ నెత్తి మీదే ఉంది. మేడమ్, ఒక్క నిమిషం. జనార్ధనరావు గారి హాల్లో ఇవాళ ఉగాది లంచ్. వీరరాఘవులు గారు, శకుంతల గారు, పద్మ, అందరూ అక్కడే. పెద్ద స్క్రీన్ పెట్టారు."

"మంచిది. ఎవరు నవ్వారో, ఎవరు పక్కవాళ్ళు నవ్వుతారేమోనని ఆగి చూశారో పద్మను గమనించమను. వచ్చే సంవత్సరం ఫలాలకు పనికొస్తుంది."

"వచ్చే సంవత్సరం ప్రోగ్రాం ఉంటే కదా!"

"అది నీ చేతిలో ఉంది. బటన్ నీ దగ్గరుంది, పేజీ నీ దగ్గరుంది. నేను చదవడం ఒక్కటే నా దగ్గరుంది. చదువుతాను."

"మీతో గెలవడం నా వల్ల కాదు."

"గెలవమని ఎవరడిగారు? మైకు పెట్టు."

"ఇదిగోండి. కాస్త గడ్డం పైకి. ...పేజీ పెట్టేశాను."

"ఏ పేజీ?"

"సింహరాశి. కర్కాటకం తర్వాత. అక్షరాలు పెద్దవి కూడా చేశాను."

"ఎప్పుడు?"

"మీరు కళ్ళజోడు వెతుక్కుంటున్నప్పుడు. ఫోన్లోంచే."

"నాకు కంఠతా వచ్చని చెప్పాను కదా."

"తెలుసండీ. మధ్యలో నవ్వొస్తే మర్చిపోతారేమోనని."

"నేను నవ్వను."

"నేను నవ్వుతాను. మైకులో వినపడితే ఏమీ అనుకోకండి."

"అనన్య రంగప్రవేశం?"

"ఆడుతుంది. హాలు అక్కడే ఉంటుంది, పిల్ల ఇక్కడే ఉంది. మధ్యలో ఉన్నది నేనొక్కడినే కదండీ. నేను పక్కకి తప్పుకుంటున్నా."

"తెనాలిలో ఈ ఒక్క మాట అని ఉంటే ఫస్ట్ క్లాసు వేసేదాన్ని."

"ఇప్పుడు వేయండి. రెడీ... ఐదు. నాలుగు. మూడు. మేడమ్, అసలు గురువారం దాకా ఎందుకు... సరే సరే, ఒకటి. లైవ్."

"నమస్కారం. పరాభవ నామ సంవత్సర దేశఫలాలకు స్వాగతం. ఈసారి చివరి రాశిని ముందు చదువుతాను. మీనరాశి, కెనడా: వచ్చే బుధవారం ఉదయం కుడిచెయ్యి ఎత్తి, నీ పౌరురాలినని నేను ప్రమాణం చేయబోయే దేశం. ఆ ప్రమాణపాఠాన్ని రెండుసార్లు చదివాను. నవ్వకూడదని అందులో ఎక్కడా లేదు."